పంకజాక్షి నిమ్మకాయ

నాకు పంకజాక్షి మీద కుళ్ళు. నా నోటితో నేనే చెబుతున్నాను గనక మీరు మొహమాటపడాల్సిన పని లేదు. పంకజాక్షి మా మరిది సుందరరాజు పెళ్ళాం, నాకు తోడికోడలు. వాళ్ళు కింద తిరుపతిలో ఉంటారు, మరిదికి గాజుల అంగడి ఉంది. మేం కొండ మీద ఉంటాం. మా ఆయన సుబ్రమణ్యం దేవస్థానంలో అటెండరు, ఉండడానికి క్వార్టర్సు ఇచ్చారు. నా పేరు జ్ఞానాంబ, మగరాయుడని చుట్టాలంతా అంటారు. నాకు చీకటంటే భయం లేదు, పామంటే భయం లేదు. ఘాట్ రోడ్డు మీద బస్సు ఎన్ని వంకర్లు తిరిగినా వక్కాకు నములుతూ కూర్చుంటాను. పిల్లలు లేరు. ఆ మాట కూడా నేనే చెప్పేస్తే మీకు అడిగే శ్రమ తప్పుతుంది.

పంకజాక్షిని చూసి కుళ్ళుకోవడానికి ఏముందంటారా? రంగులో నేనే మేలు. వంటలో సరేసరి. నా కుళ్ళంతా వాళ్ళ కూతురు అలివేలు భయం మీద. ఎనిమిదేళ్ళ పిల్ల, ఘాట్ రోడ్డంటే హడలిపోయేది. బస్సు కొండ మొదట్లో అలిపిరి దాటిందంటే చాలు, తల్లి మెడకు రెండు చేతులూ చుట్టి, మొహం ఆ గుండెల్లో దాచుకుని, కొండపైన బస్సు ఆగేదాకా తల ఎత్తేది కాదు. పక్కనే నేనూ కూర్చుని ఉండేదాన్ని. ఇట్లా రామ్మా అని చేతులు చాపితే ఒక్కనాడు కూడా నా వైపు తిరగలేదు. అట్లా ఒక పసిప్రాణం నన్ను కరుచుకుని వణికితే ఎట్లా ఉంటుందో చూడాలని నాకు ఆశ. చెడ్డ ఆశే. చెడ్డదని తెలిసినంత మాత్రాన ఆశ చస్తుందా?

అసలు ఆ భయం పంకజాక్షిది. అది ఆమెకు ఎట్లా పట్టిందో ఇంట్లో అందరికీ తెలుసు. కొత్త ఘాట్ రోడ్డు రాక ముందు ఎక్కే బస్సులూ దిగే బస్సులూ పాత దారిలోనే ఎదురెదురుగా వచ్చేవి. పెళ్ళయిన కొత్తలో ఆమె బస్సులో వెనక సీట్లో కూర్చుంది. ఒక మలుపులో ఎదురుగా ఇంకో బస్సు వస్తే దానికి దారి ఇవ్వడానికి డ్రైవరు బండిని కాస్త వెనక్కి తీశాడు. వెనక అద్దంలో ఆమెకు రోడ్డు కనపడలేదు, లోయ కనపడింది. అంతే జరిగింది. ఒక్కరికి గీత కూడా పడలేదు. పంకజాక్షికి మాత్రం ఆనాటి నుంచి మలుపు వస్తే కళ్ళు మూతపడతాయి, పెదాలు తెల్లగా పాలిపోతాయి.

అది పంకజాక్షి భయం, బాగానే ఉంది. మరి అలివేలుకు ఏం జరిగిందని? అప్పటికి ఆ పిల్ల పుట్టనైనా లేదు. చంకబిడ్డగా ఉన్నప్పటి నుంచి ఆ బస్సుల్లో అది చూసిందల్లా తల్లి మొహాన్నే. లోయను ఒక్కసారి కూడా చూసి ఎరగదు. తల్లి పెదాలు చూసి లోయ ఎంత లోతుందో తెలుసుకుంది. దానికి తోడు నిమ్మకాయ ఒకటి. వాంతి రాకుండా అందరూ పట్టుకుపోయేదే అనుకోండి. పంకజాక్షి మాత్రం అలిపిరి రాగానే కాయను గోటితో గిల్లి పిల్ల ముక్కు దగ్గర పెట్టి, నెత్తి మీద కొంగు కప్పి, భయపడబాకమ్మా భయపడబాక అని కొండెక్కేదాకా జపం చేసేది. ఆ గొంతు చూస్తే వణుకుతూ ఉండేది. అన్నిసార్లు భయపడొద్దంటే ఇక్కడ భయపడాల్సినదేదో ఉందని పిల్లకు తెలియదా?

ఒకసారి ఆ మాటే పంకజాక్షితో అన్నాను. ఆమె నా మొహం కూడా చూడకుండా జవాబు చెప్పింది.

"కన్నదానికి తెలుస్తుంది లే అక్కా."

ఒళ్ళు మండిపోయింది. ఆ ఏడు ఉగాదికి నేను కొండ దిగలేదు.

ఆ ఎండాకాలమే పంకజాక్షి అంగడి మెట్ల మీద జారి ఎడమ చెయ్యి విరగ్గొట్టుకుంది. ఎముకల కట్టుకు పేరుపడ్డ పుత్తూరుకు తీసుకుపోయి కట్టు కట్టించారు. పుట్టిల్లు కూడా అక్కడే గనక ఎముక అతుక్కునేదాకా తల్లి దగ్గరే ఉండమన్నారు. ఒంటి చేత్తో ఆమె పిల్లను చూసుకోలేదు. మరిది పొద్దున అంగడి తెరిస్తే పొద్దుపోయాక గానీ ఇల్లు చేరడు. బడికి ఎలాగూ సెలవులు, పిల్లను వదిన దగ్గర పెడదామని అతనే అన్నాడు. అయ్యో, చెయ్యి విరిగిందే పాపం అని పైకి అన్నాను గానీ లోపల నాకు పండగే.

పుత్తూరుకు పోయే ముందు పంకజాక్షి తిరుపతి బస్టాండులో పిల్లను నాకు అప్పజెప్పింది. నిమ్మకాయలు చేతిగుడ్డలో మూటకట్టి ఇచ్చింది. అలిపిరిలో గిల్లి వాసన చూపించాలట, కొంగు కప్పాలట, గట్టిగా పట్టుకోవాలట, పట్టు వదిలితే బిడ్డ తట్టుకోలేదట. నా బిడ్డ, నా బిడ్డ అని ఎన్నిసార్లు అనిందో. మామూలుగానే అనిందేమో, నాకు మాత్రం ప్రతిసారీ సూదితో పొడిచినట్టుంది.

చెప్పింది చెప్పినట్టు చేశాను. గిల్లాను, వాసన చూపించాను, కొంగు కప్పాను. పిల్ల చేతులు వచ్చి నా మెడకు చుట్టుకున్నాయి. దాని గుండె దడదడా కొట్టుకోవడం నా ఒంటికి తెలుస్తూనే ఉంది. ఎంత హాయిగా ఉండిందో చెప్పలేను. ఏడుకొండలవాడి దగ్గరికి పోతూ దారిలో ఇంకో నాలుగు మలుపులు ఎక్కువుంటే బాగుండునని కోరుకున్న మనిషిని నేనొక్కదాన్నే అయ్యుంటాను. కొండపైన బస్సు ఆగింది. పిల్ల చేతులు తీసేసింది, పావడా దులుపుకుంది, దిగి చక్కా పోయింది. నా వైపు తిరిగి కూడా చూడలేదు.

ఆ తర్వాత నేను గుర్తుకొచ్చింది అన్నానికీ నిద్రకూ మాత్రమే. పొద్దస్తమానం పక్కింటి మునిలక్ష్మి పిల్లలతో ఆటలు. మా కొండ మీద కోతులు మనుషుల చేతుల్లోంచి పండ్లు లాక్కుంటాయి, పెద్దవాళ్ళే జంకుతారు. ఈ పిల్ల వాటికి ఎదురుపోయి చెయ్యెత్తి అదిలించేది. పిరికిపిల్ల కానే కాదు. పిరికిదైతే నా దగ్గరికైనా వచ్చేది కదా అని దానికీ ఏడ్చాను.

ఒకరోజు పిల్లకు ఇష్టంగా ఉంటుందని చిత్రాన్నం చేయబోయి నిమ్మకాయ కోశాను. నీళ్ళు తాగడానికి లోపలికి వచ్చిన అలివేలు వంటింటి గుమ్మంలోనే నిలబడిపోయింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. పరుగెత్తుకొచ్చి నా నడుం పట్టుకుని కళ్ళు గట్టిగా మూసుకుంది. బస్సు లేదు, మలుపు లేదు. మా వంటిల్లు, పొయ్యి, కత్తిపీట, కోసిన నిమ్మకాయ, అంతే.

అప్పుడు నా సంబరం చూడాలి. బస్సుతో పని లేకుండా ఒక్క కాయకే పిల్ల వచ్చి నా మీద వాలింది. రోజుకో కాయ కోస్తే పోలా అని కూడా అనుకున్నాను. తల నిమరబోతుంటే చీర కుచ్చెళ్ళలోంచి సన్నగా మాట వినపడింది. వంగి చెవి పెట్టాను. "మా... మా..." అంటోంది పిల్ల. పట్టుకున్నది నన్ను, పిలిచింది వాళ్ళమ్మను.

కడుపు రగిలిపోయింది. పుత్తూరులో చేతికి కట్టు కట్టుకుని కూర్చున్న మనిషి నిమ్మకాయలో దూరి నా వంటింట్లోకి వచ్చింది. బస్సులో నా మెడను చుట్టుకున్న చేతులు కూడా నాకోసం రాలేదని అప్పుడు తెలిసింది. అక్కడ ఇంకెవరి మెడ ఉన్నా చుట్టుకునేవే.

పిల్ల కళ్ళు తెరవకుండానే అడిగింది.

"ఇప్పుడు బస్సెక్కాల్నా పెద్దమ్మా?"

ఎక్కనక్కర్లేదన్నాను. అయినా చాలాసేపు వదల్లేదు. సాయంత్రం మా ఆయనకు చెబితే, ఆ కాయలు పిల్ల కంటబడకుండా దాచిపెట్టమన్నాడు. మంచి మాటే, దయగల మనిషి. నేను ఒప్పుకోలేదు. దాచిపెడితే నిమ్మకాయ ఎప్పటికీ పంకజాక్షిదే అవుతుంది. ఇకమీదట ఆ వాసన వస్తే పిల్లకు నేనే గుర్తుకు రావాలి. వైద్యం చేద్దామనో, పుణ్యం వస్తుందనో నేను మొదలుపెట్టలేదు. పంతం పట్టి మొదలుపెట్టాను.

మరునాడు వాకిట్లో నిమ్మకాయలు పోసి, చీపురు పుల్లలు గుచ్చి బండి చక్రాలు చేశాను. పిల్ల దూరంగానే నిలబడింది. మునిలక్ష్మి పిల్లలు ఆ బండిని లాక్కుంటూ పోతుంటే చూస్తూ ఉండింది. నేను రమ్మని పిలవలేదు, బతిమాలలేదు. భయపడొద్దన్న మాట నా నోట రాకూడదని ఒట్టు పెట్టుకున్నాను. పొద్దు వాలేసరికి ఆ బండి తాడు అలివేలు చేతిలో ఉంది. ఆ తర్వాత కాయలు ఎగరేసి పట్టుకునే ఆట పెట్టాను. నేను విసరడం, అది పట్టడం. ఎండలో ఆడి వస్తే రసం పిండి చక్కెర నీళ్ళు ఇచ్చాను. మొదట ముక్కు మూసుకుని తాగింది. తర్వాత తర్వాత లోటా నా ముందు పెట్టి ఇంకొంచెం పొయ్యమని అడిగేది. చిత్రాన్నం కూడా తినింది, వేళ్ళు నాకింది. నిమ్మకాయ నాదయింది. నా సామిరంగా, ఆ రాత్రి నాకు పట్టినంత నిద్ర ఎప్పుడూ పట్టలేదు.

కానీ నాకు తృప్తి లేదు. వంటింట్లో గెలిస్తే సరిపోతుందా, బస్సులో గెలవాలి. పంకజాక్షి ఎక్కడ కూర్చుని మహారాణిలా పిల్లను ఒడిలో పెట్టుకునేదో, అక్కడే అలివేలు నా పక్కన నవ్వుతూ కూర్చుని ఉంటే ఆమె చూడాలి. మా ఆయనకు స్నేహితుడు చిన్నబ్బ అని డ్రైవరు ఉన్నాడు. అతను టీ తాగడానికి పోయినప్పుడల్లా నిలిపిన బస్సులో పిల్లను కూర్చోబెట్టి శనక్కాయలు పెట్టాను. స్టీరింగు పట్టుకోనిచ్చాడు, హారన్ కొట్టనిచ్చాడు. ఇంజన్ ఆన్ చేసి కాసేపు ఉంచమన్నాను. ముందు బిగుసుకుపోయింది. బండి కదలకపోయేసరికి మళ్ళీ శనక్కాయలు వలుచుకుంది.

ఆ తర్వాత ఒక పొద్దున్నే చిన్నబ్బ బస్సులోనే కిందికి బయలుదేరాం. దిగే బస్సులు పాత దారిలోనే పోతాయి, అసలు వంకర్లన్నీ అక్కడే ఉన్నాయి. మొదటి మలుపు రాకముందే పిల్ల నా కొంగు అందుకుని నెత్తి మీదికి లాక్కోబోయింది. నేను కొంగు దోపుకున్నాను. నా రెండు చేతులూ ఊరుకున్నాయనుకోకండి, దాన్ని పొదువుకుందామని పీకుతూనే ఉన్నాయి. ఒక్కసారి పొదువుకుంటే చాలు, నేను ఆశపడినదంతా దొరుకుతుంది. కానీ ఆ కౌగిలి పంకజాక్షిదని తెలుసు కదా. చేతులు కట్టుకుని కూర్చున్నాను.

"నా మొగం సూడు అలివేలూ," అన్నాను. "ఈడ భయం ఉండాదేమో సూసి చెప్పు."

పిల్ల చూసింది. ఊరికే చూడలేదు, వెతికింది. కళ్ళు చూసింది, నొసలు చూసింది, పెదాల దగ్గర ఆగిపోయింది. బస్సు వాలి మలుపు తిరుగుతుంటే అందరూ గోవిందా అన్నారు. పిల్ల మాత్రం నా నోటి మీద నుంచి చూపు తిప్పలేదు.

"లేదు. నీ పెదాలు ఎర్రగానే ఉండాయి," అనింది.

ప్రతి మలుపులో అట్లాగే చూసింది. నాకు నిజంగానే భయం లేదు గనక దానికి చూడడానికి ఏమీ దొరకలేదు. ఒకచోట నేను ఆవులించాను కూడా. సగం దారిలో విసుగు పుట్టినట్టుంది, నా మొహం వదిలేసి కిటికీలోకి తిరిగింది. పుట్టిన తర్వాత మొదటిసారి లోయను చూసింది. తర్వాత తిరుపతి కనపడింది. గోవిందరాజస్వామి గోపురం ఇంతేనా పెద్దమ్మా అని చిటికెన వేలు చూపించింది. కింద అంగడి దగ్గర వాళ్ళ నాయనను పలకరించి, బజ్జీలు తిని, కొత్త దారిలో మళ్ళీ కొండెక్కాం. సెలవులు అయ్యేలోపల అట్లా చాలాసార్లు తిరిగాం. కిటికీ సీటు కోసం నాతోనే పోట్లాడేది. ఒక్కసారి కూడా నన్ను పట్టుకోలేదు. పట్టుకోకపోతే పోయింది, పక్కన ఉంది కదా అనుకున్నాను.

సెలవుల చివర్లో పుత్తూరులో కట్టు విప్పారు. చెయ్యి బాగైతే స్వామి దర్శనానికి వస్తానని పంకజాక్షి మొక్కుకుందట. మేం దిగి వచ్చి ఆమెను తిరుపతి బస్టాండులోనే కలిశాం. పిల్ల తల్లిని చూసి ఎగిరి గంతేసింది. వేయనీ, ఇంతకాలానికి చూసింది కదా అని ఊరుకున్నాను. నేను ఎదురుచూస్తున్నది అలిపిరి కోసం. రెండు సీట్లున్న వరసలో కిటికీ సీటు పిల్లకోసం పట్టిపెట్టి, దాని పక్కన నేను కూర్చున్నాను. మా ముందు వరసలో పంకజాక్షి కూర్చుంది. చెయ్యి ఇంకా సన్నగానే ఉంది. ఆ చేత్తోనే నిమ్మకాయ తీసింది.

అలివేలు నా పక్కనే కిటికీలో తల పెట్టి కూర్చుంది. పంకజాక్షి వెనక్కి తిరిగి చూసింది. పిల్ల తల మీద కొంగు లేదు, కళ్ళు మూసుకోలేదు, పైగా పాట ఏదో కూనిరాగం తీస్తోంది. పంకజాక్షి నోరు తెరుచుకుంది. నా జన్మలో అంత తియ్యటి క్షణం లేదు. ఇదిగో చూడు, కన్నదానికి తెలియనిది కూడా ఉంటుంది అని నా మొహంతోనే చెప్పాను.

అలిపిరి దాటింది, బస్సు మొదటి మలుపుకు వంగింది. పంకజాక్షి ముందుకు తిరిగి, గిల్లిన నిమ్మకాయ తన ముక్కు దగ్గరే పెట్టుకుని కమ్మీ పట్టుకుంది. అలివేలు పాట ఆపింది. లేచి నిలబడి ముందు సీట్లోకి వంగి తల్లి మొహం చూసింది. ఆ చూపు నాకు తెలుసు. కళ్ళు, నొసలు, పెదాలు. చూసిన వెంటనే నా మోకాళ్ళ మీదుగా దాటుకుని బయటికి పోయింది. యాడికి పోతుండావని అడిగాను.

"అమ్మకాడికి. ఆమెకు భయంగా ఉండాది. నీకు లేదు గదా పెద్దమ్మా, నువ్వు ఒక్కదానివే కూసో," అనింది.

ముందు సీట్లో తల్లి పక్కన దూరింది. ఆమె ముక్కు దగ్గర నుంచి నిమ్మకాయ లాగేసుకుంది. చిన్న చేతులతో ఆమె గడ్డం పట్టుకుని తన వైపు తిప్పుకుంది.

"మా, నా మొగం సూడు. ఈడ భయం ఉండాదేమో సూసి చెప్పు."

అవి నా మాటలు. అక్షరం పోకుండా నా మాటలే. నేను పంతం పట్టి, చేతులు కట్టుకుని, ఆశ చంపుకుని నేర్పినదంతా మూటకట్టుకుపోయి వాళ్ళమ్మ ఒళ్ళో పోసింది. పంకజాక్షి రెండు చేతులతో పిల్లను కావలించుకుని, కన్నీళ్ళు కారుతుంటే కళ్ళు తెరిచి ఆ మొహాన్నే చూస్తోంది. ఇంతకు ముందు పిల్ల ఆమెను పట్టుకునేది, ఇప్పుడు ఆమె పిల్లను పట్టుకుంది. వీళ్ళిద్దరిలో ఎవరు ఎవరిని పట్టుకున్నా మధ్యలో నాకు చోటు లేదు.

ఇంకో మలుపు వచ్చింది. నా పక్కన కిటికీ సీటు ఖాళీగా ఉంది. నాకేమైందో ఏమో, నోటి నుంచి మాట వచ్చేసింది.

"అలివేలూ, నాకు తల తిరగతా ఉండాది. భయమేస్తా ఉండాది. రామ్మా."

పిల్ల వెంటనే తిరిగింది. సీటు మీద మోకాళ్ళు వేసి వెనక్కి వంగి నా మొహంలోకి చూసింది. నేను కళ్ళు సగం మూసుకుని నొసలు ముడిచాను. అది తాపీగా అంతా చూసింది. పెదాల దగ్గర ఆగింది, నవ్వింది.

"అబద్ధం పెద్దమ్మా. నీ పెదాలు ఎర్రగానే ఉండాయి."

ఆటలో విసిరినట్టు నిమ్మకాయను నా వైపు విసిరి తల్లి వైపు తిరిగిపోయింది. అలవాటు కొద్దీ పట్టుకున్నాను. పంకజాక్షి గోరు దిగిన చోట రసం ఊరుతోంది. ఆ వాసన ముక్కుకు తగిలి కడుపులో దేవినట్టయింది. ఘాట్ రోడ్డు మీద నాకు అట్లా కావడం అదే మొదలు. కొండపైకి చేరేదాకా వాళ్ళిద్దరి నవ్వులు వింటూ ఆ కాయను చేతిలోనే పెట్టుకుని కూర్చున్నాను.

ఇది జరిగి కొన్నేళ్ళయింది. అలివేలు ఇప్పుడు ఒక్కతే బస్సెక్కి కొండకు వస్తుంది, ఒక్కోసారి వాళ్ళమ్మను కూడా వెంటబెట్టుకుని వస్తుంది. మా ఇంట్లో మాత్రం ఆనాటి నుంచి చిత్రాన్నం లేదు, చింతపండు పులిహోరే. ఎందుకని మా ఆయన అడిగితే కొండ మీద మంచి నిమ్మకాయలు దొరకడం లేదని చెప్పాను.